పార్సిలు పక్కింటికి పోతే

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, జీతాల రోజున తప్ప దాంతో ఎవరికీ పని పడదు. ఆసుపత్రి మూడంతస్తుల్లోనూ ఆవిడ మాయక్క. పేరు విని ఏ సినిమా తారో అనుకునేరు. కాన్పయ్యాక బిడ్డ వెనకాలే బయటపడే మాయ ఉంటుందే, దాంతో ఆవిడ ఉద్యోగం. కాన్పు గదిలో అందరూ బిడ్డవైపు చూస్తుంటే ఆవిడ ఒక్కతే మాయ కోసం ఎదురుచూస్తుంది. బొడ్డుతాడు కోసి బిడ్డని అవతలికి తీసుకెళ్ళగానే, తాడులో ఉబ్బి కనిపించే నరంలోకి సూది దించి, మిగిలిపోయిన రక్తాన్ని సంచిలో పట్టి, గడ్డకట్టకుండా మెల్లగా ఊపుతూ పైకి పంపిస్తుంది. ఆవిడంటే గిట్టనివాళ్ళు మాయదారి అక్క అంటారు. చెప్పొద్దూ, దానికీ పలుకుతుంది.

ఈ ఉద్యోగం మీద భర్తకి ఏ అభ్యంతరమూ లేదు. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే నెమ్మదైన మనిషి. అన్నం దగ్గర మాత్రం మాయ అన్న మాట ఎత్తొద్దని పెళ్ళయిన కొత్తలోనే బతిమాలుకున్నాడు. సరేనని ఆవిడ అప్పట్నుంచీ "ఆ పదార్థం" అంటోంది. ఆయన సగంలోనే చెయ్యి కడుక్కుంటాడు.

ఆసుపత్రి పై అంతస్తులో ప్రయోగశాల ఉంది. అక్కడి పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికే ప్రాణం మీదికొస్తుంది. కొందరు పిల్లలు ఒక జన్యువు చెడిపోయి పుడతారు. దాంతో రోగాన్ని ఎదిరించే కణాలు వాళ్ళ ఒంట్లో తయారు కావు. మనల్ని నాలుగు రోజులు విసిగించి పోయే జలుబు వాళ్ళని తీసుకునే పోతుంది. అలాంటి బిడ్డ బొడ్డుతాడు రక్తంలోంచి మూలకణాలు వేరుచేసి, వాటిలోకి బాగున్న జన్యువుని పంపి, మళ్ళీ ఆ బిడ్డకే ఎక్కిస్తారు. పంపడానికి వాడేది వైరస్. దానిలోని రోగం పీకేసి, ఆ ఖాళీలో జన్యువుని కూరి, కణాల మీదికి వదులుతారు. ఈ విద్య పట్టుబడాలంటే బోలెడంత రక్తం కావాలి. అది మామూలు తల్లుల్ని అడిగి తీసుకోవాలి. ఆ అడగడం మాయక్క వంతు.

అడగడంలోనే ఉంది తిరకాసు. మొదట్లో ఆవిడ నిజాయితీగా వైరస్ అనే చెప్పింది. ఆ మాట చెవిన పడగానే నొప్పులు పడుతున్న మనిషి కూడా మంచం దిగబోయింది. పెద్ద డాక్టరమ్మ సలహా మీద వాహకం అంది. ఒకావిడ మామగారు కిందికి దిగి, ఆ వాహనం ఎప్పుడొస్తుందని గేటు దగ్గర వాకబు చేశాడు. పోనీ అని "మోసేది" అంటే వినేవాళ్ళకి "మోసం" అని వినిపించింది. ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒకనాడు భర్త దుకాణంలో కూచుని ఉండగా కొరియరు మనిషి అద్దాల పెట్టె పట్టుకొచ్చి, ఇచ్చేసి, పోయాడు. మాయక్కకి కావలసిన మాట దొరికిపోయింది.

మర్నాటినుంచి ఆసుపత్రిలో అదే పాట. కొరియరండీ, తలుపు కొడతాడు, పార్సిలు ఇస్తాడు, వెళ్ళిపోతాడు, మీ ఇంట్లో కాపురం పెట్టడు. అక్కడ ఒక్క క్షణం ఆగేది. జనం నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళు సంతకం పెట్టేవాళ్ళు. ఎవరైనా ముసలావిడ అడ్డం తిరిగి, ఆ రక్తం ఏం చేస్తారు, ఎక్కడ పెడతారు, నాకు చూపించండి అని సతాయిస్తే, మాయక్క గొంతు ఇంకాస్త తియ్యగా చేసుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పేది. బయటికొచ్చాక వరండాలో ఆ ముసలావిడలా మూతి తిప్పి చూపించేది. తోటి నర్సులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. పెద్ద డాక్టరమ్మ ఆ ఉపన్యాసాన్ని అందరూ నేర్చుకోవాలని హుకుం జారీ చేసింది. మాయక్క కింద పనిచేసే రెండో సిస్టరుకి అది అక్షరం పొల్లుపోకుండా కంఠతా వచ్చింది. మాయక్కకి కాస్త పొగరు కూడా వచ్చింది. ఎందుకు రాదు మరి?

ఆవిడకి ఒక్కతే కూతురు. రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగం. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో ఊరందరికీ వినిపించే గొంతు ఆ పిల్లదే. ఆ పిల్లకి మొదట కొడుకు పుట్టాడు. బోర్లా పడ్డాడు, పాకబోయాడు, ఒకరోజు ముక్కు కారింది. ఇంటిల్లిపాదీ, మాయక్కతో సహా, జలుబే కదా అన్నారు. వారం తిరక్కుండా పిల్లాడు పోయాడు. ఆ వారం గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మనమూ మాట్లాడొద్దు.

కూతురికి మళ్ళీ నెల తప్పాక పరీక్షలు చేశారు. జన్యువులో లోపం ఉందని, అది తల్లివైపునుంచి వస్తుందని, కడుపులో బిడ్డకీ అదే ఉందని తేలింది. తల్లికి ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? మాయక్క చెయ్యి చాపి తన రక్తం ఇచ్చింది. నాలుగు రోజులయ్యాక పెద్ద డాక్టరమ్మ గదిలోకి పిలిచి కూచోబెట్టి, "అక్కా, మీరు క్యారియర్" అంది. ఆ మాట ఆవిడే ఎందరికో విడమరిచి చెప్పింది. ఆడవాళ్ళు మోస్తారు, వాళ్ళకేమీ కాదు, మగపిల్లలకి తగులుతుంది అని. అయినా ఆ క్షణాన ఆవిడ చూపు బల్లమీదున్న తన భోజనం క్యారియర్ మీదికి పోయింది. పుట్టింట్లో చిన్న తమ్ముడొకడు పాలు తాగే వయసులోనే దగ్గొచ్చి పోయాడు. ఆ రోజులే అలాంటివని అప్పట్లో పెద్దవాళ్ళు సరిపెట్టుకున్నారు. కొరియరెవరో ఇప్పుడు తెలిసింది. ఆవిడ ఆ గదిలోనే చాలాసేపు ఏడ్చింది, డాక్టరమ్మ తలుపు గడియ పెట్టింది.

బిడ్డకి సరిపడే ఎముక మూలుగ ఇవ్వగలిగిన దాత ఎవరూ దొరకలేదు. ఇక మిగిలింది పై అంతస్తు. పుట్టగానే బొడ్డుతాడు రక్తం పట్టి, జన్యువు పంపి, తిరిగి ఎక్కించడం. దానికి తల్లీతండ్రీ ఒప్పుకోవాలి.

మాయక్క ముందుగా వియ్యపురాలి మీద యుద్ధానికి సిద్ధమైంది. ఆవిడ ఇల్లు దాటి ఎరగని మనిషి, వైరస్ అంటే ఒంటికాలి మీద లేస్తుందని లెక్క వేసుకుంది. ఏ మాటకి ఏ జవాబు చెప్పాలో దారి పొడుగునా బస్సులో నెమరేసుకుంది. తీరా వెళ్ళి కూచుని గొంతు సవరించుకోగానే వియ్యపురాలు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నాకేం తెలుసు వదినగారూ. మీరున్నారు. మీ మాటే మా మాట," అంది.

అల్లుడు తలూపాడు. అంతే, యుద్ధం అయిపోయింది. మోసుకొచ్చిన అస్త్రాలన్నీ ఒళ్ళో పెట్టుకుని మాయక్క బిక్కమొహం వేసింది. ఎదురు తిరిగినా బాగుండేది, కనీసం పోట్లాడేది. "మీరున్నారు" అన్న మాట ఆవిడ గుండెల మీద బండలా కూచుంది. ఆ అలవాటైన పాట ఎవరికైనా పాడితే తప్ప ఊపిరాడేలా లేదు. కూతురి వైపు తిరిగి, కొరియరు, తలుపు, పార్సిలు అని మొదలుపెట్టింది.

కూతురు చివరిదాకా విని, "అమ్మా, అది అనౌన్స్‌మెంట్ గొంతు," అంది.

"ఏంటే?"

"నాకు తెలీదా ఆ గొంతు? బండి ఎక్కడుందో మాకు తెలీకపోయినా అలాగే చదువుతాం. ఇంకాసేపట్లో వస్తుందనే చెప్తాం. జనం కంగారు పడకూడదని." తనే మళ్ళీ అడిగింది. "కొరియరు వాడు పార్సిలు పక్కింట్లో ఇచ్చి పోతే?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న మాయక్కని ఎవరూ అడగలేదు. ఆ నవ్వు తర్వాత ప్రశ్నలకి ఆవిడ చోటే ఉంచలేదు. అలా ఏం కాదులే, వాళ్ళు చూసుకుంటారు అని నీళ్ళు నమిలింది. ఈ గొంతు కాదు, నాకు తెలిసిన మనిషి ఎవరైనా చెప్తే వింటాను, లేకపోతే లేదు, అని కూతురు లేచి లోపలికి పోయింది.

ఆసుపత్రిలో ఒక నియమం ఉంది. సొంతవాళ్ళకి సొంతవాళ్ళు నచ్చజెప్పకూడదు. ఆ నియమం పెట్టించింది మాయక్కే, ఇంకెవరో తమ వదినగారిని బెదిరించి సంతకం పెట్టించారని. కాబట్టి కూతురినీ అల్లుడినీ కూచోబెట్టి వివరించే పని రెండో సిస్టరుకి పడింది. మాయక్క బంధువుల కుర్చీలో కూచుంది. ఆ కుర్చీ ఒక కాలు పొట్టిదని, అటూ ఇటూ ఊగుతుందని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

రెండో సిస్టరు మొదలుపెట్టింది. అదే చిరునవ్వు, అదే తియ్యదనం. కొరియరండీ, తలుపు కొడతాడు, పార్సిలు ఇస్తాడు, వెళ్ళిపోతాడు, మీ ఇంట్లో కాపురం పెట్టడు. అని, నవ్వడానికి ఒక్క క్షణం ఆగింది. ఎవరూ నవ్వలేదు. మాయక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. మనవడి ప్రాణం గురించి మాట్లాడుతూ మధ్యలో ఈ వెకిలి నవ్వేమిటి? ఈ పిల్లకి బుద్ధుందా? ఎవరు నేర్పారు దీనికి? ఎవరు నేర్పారో గుర్తొచ్చి మంట ఇంకా పెరిగింది.

ఆ తర్వాత మాయక్క ఆ ఆసుపత్రి చరిత్రలో ఎరగనంత సతాయింపు బంధువు అయింది. ఏ గదిలో పెడతారు అంది. ఎవరు ముట్టుకుంటారు అంది. కరెంటు పోతే ఏం చేస్తారు అంది. సంచి మీద పేరు తారుమారైతే ఎవరిది పూచీ అంది. నాకు చూపించండి అంది. ఆ మాట తన నోటినుంచి విని తనే ఉలిక్కిపడింది గానీ వెనక్కి తగ్గలేదు. రెండో సిస్టరు నేర్చుకున్నట్టే గొంతు ఇంకాస్త తియ్యగా చేసుకుని, మళ్ళీ మొదటినుంచి, కొరియరండీ అంది.

"పక్కింట్లో ఇస్తే ఏంటమ్మా అని అడుగుతున్నా!" అని మాయక్క బల్ల చరిచింది.

రెండో సిస్టరు బిత్తరపోయి, "అది మీరు మాకు నేర్పలేదక్కా," అంది. పాపం, ఎత్తిపొడుపు కాదది. ఉన్నమాటే చెప్పింది.

పెద్ద డాక్టరమ్మని పిలుచుకొచ్చారు. ఆవిడ నిలబడే విషయం చెప్పింది. జన్యువు కణంలో పడకూడని చోట పడొచ్చు. పడితే ఆ కణం అదుపు తప్పి పెరిగి రక్తం క్యాన్సరుకి దారి తియ్యొచ్చు. పాత పద్ధతుల్లో కొందరు పిల్లలకి అలా జరిగింది. ఇప్పుడు వాడే వైరస్‌ని మార్చారు, అలా జరగడం బాగా తగ్గింది. అయినా జరగదని హామీ ఇవ్వలేను. అసలు కణాలు ఒంట్లో నిలుస్తాయో లేదో కూడా ముందే చెప్పలేను. చేయించకపోతే ఏమవుతుందో మాత్రం మీకే నాకన్నా బాగా తెలుసు. ఇంత చెప్పి ఆవిడ కూడా ఒక కుర్చీ లాక్కుని కూచుంది.

కూతురు తల్లి వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అంది.

మాయక్క గొంతు సవరించుకోబోయి మానేసింది. అది బొంగురుగానే వచ్చింది. "నాకు భయంగా ఉందే. ఇది చేస్తే ఏమవుతుందో అని భయం. చెయ్యకపోతే వీడూ పోతాడని భయం. ఆ రెండోదే పెద్ద భయం. అంతకన్నా నాకేం తెలీదు. ఇదంతా నా ఒంట్లోంచే వచ్చింది, నీకు సలహా చెప్పడానికి కూడా నాకు మొహం చెల్లట్లేదు."

కూతురు రెండో సిస్టరు చేతిలోంచి కలం అందుకుంది.

కాన్పు రోజున మాయక్క మొదటిసారి కాన్పు గది బయట నిలబడింది. నిలబడిందంటే నమ్మకండి. తలుపుకున్న గుండ్రటి అద్దానికి ముక్కు ఆనించి, సూది ఇంకాస్త కిందికి, సంచి ఊపు, ఊపమంటే ఉయ్యాల ఊపినట్టు కాదు అని అరుస్తూనే ఉంది. లోపలికి ఏమీ వినిపించకపోయినా, అరుపుకి వరండాలో ఉన్నవాళ్ళు హడిలిపోయారు. వార్డు ఆయమ్మ వచ్చి రెక్క పట్టుకుని బెంచీ మీద కూచోబెట్టింది. బంధువుల్ని అలా కూచోబెట్టమని ఆయమ్మకి చెప్పింది కూడా ఈవిడే.

తలుపు తెరుచుకుంది. ఒకరు బిడ్డని ఎత్తుకుని ఎడమవైపు వెళ్ళారు. రెండో సిస్టరు సంచి పట్టుకుని కుడివైపు లిఫ్టు దగ్గరికి నడిచింది. కన్నకూతురి కొడుకు, ఇన్నాళ్ళ ఎదురుచూపు, ఎడమవైపు వెళ్తుంటే మాయక్క ఏ మాత్రం తటపటాయించకుండా కుడివైపు పరిగెత్తింది. సంచి నిండుగా ఉందో లేదో చూసింది, చేత్తో పట్టుకోబోతే రెండో సిస్టరు ఇవ్వలేదు. ప్రయోగశాల తలుపు మూసుకునేదాకా అక్కడే నిలబడింది. కిందికొచ్చేసరికి మనవణ్ణి అందరికన్నా ముందు చూసిన గౌరవం వియ్యపురాలికి దక్కింది. ఎవరి పోలికో ఆవిడ అప్పటికే తేల్చేసింది.

ఇక ఎక్కించే రోజు. ఇంత హడావిడికీ ఏదో పెద్ద తతంగం ఉంటుందని ఇంటిల్లిపాదీ శుభ్రమైన బట్టలు కట్టుకుని వచ్చారు. ఒక చిన్న సిరంజి తెచ్చారు. అందులో పల్చటి గులాబీరంగు నీళ్ళలాంటిది ఉంది. పిల్లాడి నరంలోకి మెల్లగా వదిలారు. వాడు నిద్ర కూడా లేవలేదు. "ఇంతేనా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఇన్నాళ్ళుగా ఆ పదార్థం మాటెత్తితే చెయ్యి కడుక్కున్న మనిషి, ఇప్పుడు ఆ ఖాళీ సిరంజి వైపు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చూస్తున్నాడు.

తర్వాతంతా ఎదురుచూపే. పిల్లాణ్ణి అద్దాల గదిలో ఉంచారు, ఆ తర్వాత ఇంట్లోనే ఒక గదిని అలా మార్చారు. ఎవరొచ్చినా చేతులు కడుక్కోవాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి, తొడుగులు వేసుకోవాలి. ఈ కట్టుబాట్లకి కాపలా మాయక్కే. అల్లుణ్ణి సొంత ఇంటి గుమ్మంలోంచి మూడుసార్లు వెనక్కి పంపింది. తను మాత్రం లోపలికి వెళ్ళినా పిల్లాణ్ణి ఎత్తుకునేది కాదు. నా ఒంట్లో ఏముందో ఎవరికి తెలుసు అనేది. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ బొడ్డుతాళ్ళన్నీ తడిమిన చేతులు సొంత మనవడి బుగ్గ ముట్టలేదు. పై అంతస్తునుంచి కబుర్లు వస్తూ ఉండేవి. కణాలు నిలిచినట్టున్నాయి. కాస్త పెరిగినట్టున్నాయి. పెద్ద డాక్టరమ్మ ప్రతి మాటకీ "ట్టున్నాయి" తగిలించేది. మాయక్కకి ఆ తోక చూస్తే ఒళ్ళు మండేది, అది లేకుండా చెప్పినా నమ్మేది కాదు.

పిల్లాడు పాకడం మొదలెట్టిన రోజుల్లో ఒకనాడు డ్యూటీలో ఉండగా ఫోనొచ్చింది. కూతురు. ఏ బండి పట్టాలు తప్పినా వణకని గొంతు వణుకుతోంది.

"అమ్మా, వాడికి ముక్కు కారుతోంది."

మాయక్క చేతిలో ఉన్న పని రెండో సిస్టరుకి అప్పగించి, చెప్పులు కూడా మార్చుకోకుండా వెళ్ళింది. పిల్లాణ్ణి మళ్ళీ ఆసుపత్రిలో చేర్చారు. జ్వరం వచ్చింది. అన్నం ఎవరికీ సహించలేదు. వియ్యపురాలు గోడకి ఆనుకుని కూచుంది. మీరున్నారు అని ఈసారి అనలేదు. కూతురు మంచం పక్కనుంచి లేవలేదు. మొదటివాడిదీ సరిగ్గా ఇలాగే మొదలైంది. మాయక్క అద్దం ఇవతల నిలబడి, జీవితంలో ఎవరికీ మొక్కని మనిషి, ఆ పిల్లాడి ఒంట్లో తిరుగుతున్న ఆ కణాలకే మనసులో దండం పెట్టుకుంది. సరైన ఇంటికే వెళ్ళారా నాయనా, తలుపు తీశారా అని అడిగింది.

జ్వరం దిగింది. మందు వల్లనేమో అని ఎవరూ సంబరపడలేదు. పెద్ద డాక్టరమ్మ రక్తం ఫలితాలు పట్టుకుని వచ్చి, తోక లేకుండా చెప్పింది. "వాడి కణాలే పోరాడాయి. వాడి సొంతవే. ముందుముందు ఏమవుతుందో ఏళ్ళ తరబడి చూస్తూనే ఉండాలి. కానీ ఈ జలుబుని మాత్రం వాడే తగ్గించుకున్నాడు."

కూతురు ఆ మాట విని చేతి తొడుగులు ఒక్కొక్కటే పీకి కింద పడేసింది. మూతికున్న గుడ్డ లాగేసి, పిల్లాణ్ణి ఎత్తి, చీమిడితో జిగటగా ఉన్న ఆ బుగ్గని గట్టిగా ముద్దు పెట్టుకుంది. చేతులు కడుక్కోవే అన్న మాట మాయక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కూతురు పిల్లాణ్ణి తెచ్చి తల్లి ముందు చాపింది. మాయక్క ఒక అడుగు వెనక్కి వేసింది. "పట్టుకో అమ్మా," అంది కూతురు. ఇక తప్పించుకోవడానికి గోడ తప్ప ఏమీ మిగల్లేదు. ఆవిడ మెల్లగా తొడుగులు తీసి, మూతి గుడ్డ కిందికి లాగి, వట్టి చేతులతో మనవణ్ణి అందుకుంది. వాడి ఒళ్ళు వెచ్చగా, జ్వరం లేని వెచ్చదనంతో ఉంది. ఇన్నాళ్ళూ గుడ్డ చాటున ఉన్న ముఖాన్ని వాడు వింతగా చూసి, కళ్ళు చికిలించి, ఆ ముఖం మీదే తుమ్మాడు.

ఆయమ్మ గుడ్డ తీసుకుని పరిగెత్తుకొచ్చింది. మాయక్క ఆ చేతిని పక్కకి తోసేసింది. చెంపల మీద కారుతున్నది తుమ్మో కన్నీళ్ళో తెలియకుండా, "ఇంకోసారి తుమ్మరా నాన్నా," అని మనవణ్ణి బతిమాలుతోంది.